హెచ్‌ఐవీ ఉన్న పిల్లలు మాత్రలు మానేస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయాలి

చిన్నప్పుడు బెల్లం ముక్క ఆశ చూపిస్తే నోరు తెరిచి మాత్ర మింగిన పిల్లాడు, పదమూడో ఏడు వచ్చేసరికి "అక్కడ పెట్టు, తర్వాత వేసుకుంటా" అంటాడు. కొన్నాళ్లకు పరుపు కింద నాలుగు మాత్రలు దొరుకుతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి పిల్లల్ని పెంచుతున్నవాళ్లలో అమ్మానాన్నలే కాదు, అమ్మమ్మలు, జేజిలు, మేనత్తలు, పిన్నమ్మలు కూడా ఉన్నారు. ఇది వాళ్లందరి కోసం రాస్తున్నది.

ముందే ఒక మాట. ఫోన్‌లో గేమ్ ఏ లెవెల్లో ఆగిందో వారం తర్వాత కూడా చెప్పగలిగే పిల్లాడికి రోజుకొక మాత్ర గుర్తుండదా? మర్చిపోయానని చెప్పడం తేలిక కాబట్టి అలా చెప్తాడు. చాలాసార్లు అసలు కారణం దాచుకోవలసి రావడం. ఎవరైనా చూస్తారేమో, ఏం మాత్ర అని అడుగుతారేమో, అడిగితే ఏం చెప్పాలో అన్న టెన్షన్. అందుకే అలారం ఒక్కటి పెట్టి ఊరుకుంటే పని జరగదు. కింద చెప్పిన పనుల్లో మీ ఇంటికి ఏది అవసరమో అక్కడి నుంచే మొదలుపెట్టండి, వరుస తప్పినా పర్వాలేదు.

1. ఏ పూట తప్పుతోందో కనుక్కోండి

"వేసుకున్నావా?" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, "ఆఁ, వేసుకున్నా." ఆ ప్రశ్న మానేయండి. "ఈ వారంలో ఏ రోజు వేసుకోవడం కష్టమైంది?" అని అడగండి. తప్పడం ఎవరికైనా జరిగేదే అని మీరు ముందే ఒప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి పిల్లలు నోరు విప్పుతారు. ఆదివారం అన్నారనుకోండి, ఆదివారం ఏం జరుగుతోందో చూడండి. పొద్దున్నే చర్చికి వెళ్తున్నారా? ఇంటికి చుట్టాలొస్తున్నారా? మేనమామ పిల్లలు వచ్చి పక్కనే పడుకుంటున్నారా? తప్పేది నెల పొడుగునా కాదు, ఎక్కువగా ఇలాంటి ఒకటి రెండు పూటల్లోనే.

లెక్క కూడా చూసుకోండి. డబ్బాలో 30 మాత్రలుంటే, రోజుకొకటి చొప్పున ఇరవై రోజులు గడిచాక 10 మిగలాలి. 15 మిగిలాయంటే ఐదు పూటలు పోయినట్టు. నూటికి 95 వంతులకు తగ్గకుండా వేసుకోవాలని ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రంలో, చెప్తారు. నెలకు 30 మాత్రల లెక్కన ఒకటి తప్పితే గట్టెక్కుతారు, రెండు తప్పితే ఆ గీత కిందికి దిగినట్టే.

ఈ లెక్కలో ఒక చిక్కుంది. మందుల కోసం వెళ్లే ముందురోజు రాత్రి, మిగిలిన మాత్రలు బాత్రూంలో పోసేసి ఖాళీ డబ్బా పట్టుకొచ్చే పిల్లలూ ఉంటారు. ఎక్కువగా అది తిట్లు పడే ఇళ్లలో జరుగుతుంది. లెక్క తేడా వచ్చిన రోజున మీరు ఎలా మాట్లాడారన్నదాన్ని బట్టే, వచ్చే నెల మీకు నిజం లెక్క వస్తుందా దొంగ లెక్క వస్తుందా అన్నది తేలుతుంది.

2. జబ్బు పేరు చెప్పండి

అన్నిటికన్నా వాయిదా పడే పని ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా ముందు జరగాల్సిందీ ఇదే. "రక్తం పట్టే మాత్ర", "గుండెకి బలం", "ఫిట్స్ రాకుండా" అని చెప్పుకుంటూ వస్తాం. ఏడేళ్ల పిల్లకు ఆ మాట సరిపోతుంది. పదమూడేళ్ల పిల్ల డబ్బా మీది పేరు చదువుతుంది. డాల్యుటెగ్రావిర్ అని ఫోన్‌లో వెతికితే అర నిమిషంలో విషయం తెలిసిపోతుంది. అలా ఒక్కతే కూర్చుని తెలుసుకున్న పిల్ల వచ్చి మిమ్మల్ని అడగదు. మీరు దాచారు కాబట్టి తనూ దాస్తుంది. "నాకు గుండె బాగానే ఉంది కదా, ఈ మాత్ర ఎందుకు?" అని మానేసే పిల్లాడిది ఇంకో తీరు. వాడి లాజిక్‌లో తప్పేం లేదు, మనం చెప్పిన కారణమే తప్పు.

ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు, వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా చెప్తూ వచ్చి, చివరికి పేరు కూడా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. ఆరేడేళ్లప్పుడు "నీ ఒంట్లో ఒక పురుగు నిద్రపోతోంది, ఈ మాత్ర దాన్ని లేవనివ్వదు" అంటే చాలు. పదేళ్లకు వైరస్ అంటే ఏంటో, రక్తంలో రోగాలతో పోరాడే కణాలను అది ఎలా తగ్గిస్తుందో చెప్పొచ్చు. పన్నెండు నిండేలోపు పేరు చెప్పేయాలి. ఇప్పటికే దాటిపోయిందా? అయితే ఈ నెలలోనే చెప్పండి.

పరీక్షల వారంలో వద్దు, పండగ రోజు వద్దు, మాత్ర మీద గొడవపడిన రాత్రి అసలే వద్దు. చెప్పిన తర్వాత రెండు మూడు రోజులు మీరు ఇంటి దగ్గరే ఉండేలా చూసుకోండి. పొగాకు సీజన్‌లో రాత్రిళ్లు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరే ఉండేవాళ్లు ఆ సీజన్ అయ్యాక పెట్టుకోండి. మీకు నోరు రాకపోతే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సిలర్ చెప్తారు, మీరు పక్కన కూర్చుంటే చాలు. మీరే చెప్పేట్టయితే ఇంతకన్నా ఎక్కువ మాటలు అక్కర్లేదు:

"అమ్మలూ, నీ ఒంట్లో ఉన్నది హెచ్‌ఐవీ. పుట్టుకతోనే వచ్చింది. నువ్వు చేసిన తప్పేం లేదు. అమ్మ కావాలని ఇచ్చిందీ కాదు. మాత్ర మానకుండా వేసుకుంటే చదువుకుంటావు, ఉద్యోగం చేస్తావు, పెళ్లి చేసుకుంటావు. చిన్నదానివని ఇన్నాళ్లూ చెప్పలేదు."

తర్వాత వచ్చే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. "ఇంకెవరికి తెలుసు?" అన్నది తప్పకుండా వస్తుంది. ఒక్క పేరు కూడా దాచకుండా చెప్పండి. రేపు పిన్ని నోటి నుంచి జారితే మీ మీద నమ్మకం పోతుంది. "నేను చచ్చిపోతానా?" అంటే, మందులు మానకుండా వాడేవాళ్లు అందరిలాగే పెద్దవాళ్లై బతుకుతున్నారని చెప్పండి, అది నిజం కూడా. "అమ్మకి ఎలా వచ్చింది?" అన్నది కష్టమైన ప్రశ్న. చెప్పేది అమ్మమ్మ అయితే, లారీ మీద తిరిగాడు, ఎక్కడెక్కడో తిరిగాడు అని చనిపోయిన అల్లుడి మీద ఉన్న కోపమంతా ఆ పూట బయటికొస్తుంది. ఆపుకోండి. వింటున్నది ఆయన బిడ్డ. "అప్పట్లో వాళ్లకు ఈ సంగతి తెలియదు" అంటే సరిపోతుంది, మిగతాది పెద్దయ్యాక మాట్లాడుకోవచ్చు.

"ఎవరికైనా చెప్పావో, చూడు" అని బెదిరించి ముగించకండి. ఎవరికి చెప్పొచ్చో, ఎవరికి అక్కర్లేదో ఇద్దరూ కూర్చుని అనుకోండి. స్నేహితులు అడిగితే అనడానికి ఒక మాట ముందే సిద్ధం చేసి పెట్టండి. "డాక్టర్ రోజూ వేసుకోమన్నాడు" అన్నది అబద్ధం కాదు, అంతకు మించి చెప్పాల్సిన పనీ లేదు. విషయం విన్న తర్వాత కొన్ని రోజులు పిల్లలు ముభావంగా ఉంటారు, మాత్ర విసిరేసినా విసిరేస్తారు. అప్పుడు కౌన్సిలర్ దగ్గరికి ఇంకోసారి తీసుకెళ్లండి.

3. వేళ మార్చండి, చోటు మార్చండి

రాత్రి పడుకునే ముందే వేసుకోవాలన్న పద్ధతి ఎఫావిరెంజ్ ఉన్న పాత మందుల కాలం నాటిది. దానితో తల తిరిగేది, పీడకలలు వచ్చేవి, అందుకని నిద్రకు ముందు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పదేళ్లు దాటి 30 కిలోల బరువు వచ్చిన పిల్లలకు సాధారణంగా ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డాల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ కలిపి ఒకే మాత్ర, రోజుకొక్కసారి. అన్నంతో వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతోనూ వేసుకోవచ్చు. పగలైనా రాత్రైనా ఒకటే, రోజూ దాదాపు అదే వేళ అయితే చాలు. దీనితో నిద్ర పట్టడం లేదని చెప్పే పిల్లలుంటారు. వాళ్లకు పొద్దున వేళే మేలు.

కాబట్టి పిల్లకు ఏ వేళ ఒంటరిగా ఉండే వీలుందో అదే మాత్ర వేళ. రెండు గదుల ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి అందరూ టీవీ ముందే ఉంటారు. ఆ వేళ లేచి వెళ్లి నీళ్లు తాగితే పది కళ్లు చూస్తాయి. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఎవరూ చూడరు. వేళ పిల్లలే ఎంచుకోవాలి, మార్చే ముందు కౌన్సిలర్‌కు ఒక మాట చెప్పండి.

డబ్బా చప్పుడు సంగతి పెద్దవాళ్లకు తట్టదు. ప్లాస్టిక్ డబ్బాలో పది మాత్రలు మిగిలినప్పుడు స్కూల్ బ్యాగ్ కదిలిస్తే గలగలమంటాయి. పక్క బెంచీ వాడు "ఏందిరా అది?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి డబ్బా ఇంట్లో వదిలేసి వెళ్లే పిల్లలు ఉంటారు. అసలు డబ్బాని, అందులో తేమ పీల్చే చిన్న పొట్లం తీయకుండా, ఇంట్లో బీరువాలో పెట్టండి. రెండు మూడు రోజులకు కావాల్సినవి మాత్రం చిన్న పొడి డబ్బీలో, కొంచెం దూది పెట్టి ఇవ్వండి. చప్పుడు రాదు, పేరూ కనిపించదు.

4. హాస్టల్లో చేర్చే ముందు

గురుకులం, కస్తూర్బా, సంక్షేమ హాస్టల్, ప్రైవేట్ కాలేజీ హాస్టల్, ఎక్కడైనా ఇబ్బంది ఒకటే. దాచుకోవడానికి తాళం వేసే పెట్టె ఉండదు, నిమిషం కూడా ఒంటరిగా దొరకదు. ఇంట్లో రెండేళ్లు చక్కగా వేసుకున్న పిల్లలు హాస్టల్లో చేరిన మొదటి మూడు నెలల్లో దారి తప్పడం మామూలే.

చేర్చే రోజునే లోపలికి వెళ్లి చూడండి. పెట్టెకు తాళం వేయనిస్తారా, పొద్దున స్నానాల దగ్గర వరుస ఎంతసేపు, స్టడీ అవర్ ఎప్పుడు, తాగే నీళ్లు ఎక్కడ. ఇవి తెలిస్తే మాత్ర వేళ ఎక్కడ ఇమిడిపోతుందో పిల్లే చెప్తుంది. స్నానాలకు పిలుపు రాకముందే లేచి నీళ్లు పట్టుకునే అలవాటున్న పిల్లకు ఆ అయిదు నిమిషాలు చాలు.

వార్డెన్‌కు చెప్పాలా వద్దా? చట్ట ప్రకారం చెప్పి తీరాలని లేదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని కింద హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో బడిలో సీటు ఇవ్వకపోవడం, విడిగా కూర్చోబెట్టడం నేరుగా చట్ట విరుద్ధం. మీ అనుమతి లేకుండా ఆ విషయం ఇంకొకరికి చెప్పడమూ అంతే. చట్టం ఉంది కదా అని అందరికీ చెప్పుకుంటూ పోమని నేను అనను, ఊరి నోటికి చట్టం తెలియదు. నమ్మకమున్న మేడం ఒక్కరు ఉంటే, పిల్ల కూడా సరేనంటే చెప్పండి. లేకపోతే, "ఈ విద్యార్థి రోజూ మందు వేసుకోవాలి, నెలకొకసారి ఆసుపత్రికి రావాలి" అని జబ్బు పేరు లేకుండా డాక్టర్‌తో ఒక చీటీ రాయించుకోండి. సెలవు అడగడానికీ, పెట్టెలో మాత్రలు దొరికితే జవాబు చెప్పడానికీ అది సరిపోతుంది.

5. ఇంకే మాత్రలు కలుస్తున్నాయో చూడండి

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మంచిదే, మాన్పించొద్దు. కానీ ఐరన్, కాల్షియం, కడుపులో మంటకు వేసే యాంటాసిడ్ డాల్యుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఏఆర్‌టీ మాత్ర వాటికన్నా రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే నిండుగా అన్నం తిన్నప్పుడు కలిపి వేసుకోవచ్చు, యాంటాసిడ్ మాత్రం అలా కుదరదు. టీబీ మందులు మొదలైతే వెంటనే ఏఆర్‌టీ డాక్టర్‌కు చెప్పండి, వాటిలో రిఫాంపిసిన్ అనే మందు ఉంటే డాల్యుటెగ్రావిర్ ఇంకో మోతాదు కలపాల్సి వస్తుంది.

6. ఒక పూట తప్పితే

గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే తప్పినదాన్ని వదిలేసి, ఆ వేళకు ఒక్కటే వేసుకోవాలి. రెండు కలిపి మింగకూడదు.

వారం పది రోజులు మానేసి ఉంటే, ఎవరూ తిట్టకముందే కేంద్రానికి వెళ్లండి. మందు ఆగిన కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఒక రోజు వేసి నాలుగు రోజులు మానే పద్ధతిలో అయితే వైరస్ ఆ మందుకు అలవాటుపడి లొంగకుండా పోతుంది, అప్పుడు మందే మార్చాల్సి వస్తుంది.

7. మందులు తెచ్చుకునే రోజు, ఊరు కదిలే రోజు

యర్రగొండపాలెం నుంచి ఒంగోలు, ఉదయగిరి నుంచి నెల్లూరు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి, ఒక రోజు బడి పోతాయి. కొంచెం దూరం తగ్గేలా, పెద్ద కేంద్రానికి అనుబంధంగా దగ్గర్లో మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ కేంద్రం ఉందేమో అడగండి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, అదుపులో ఉండి కుదురుగా వాడుతున్నవాళ్లకు ఒక నెలకు మించి మందులు ఇచ్చే వీలు కూడా ఉంటుంది. టెన్త్ పరీక్షలుంటే ముందే చెప్పి తేదీ సర్దుకోండి. సరిగ్గా మాత్రలు అయిపోయే రోజున కాకుండా నాలుగైదు రోజుల ముందు వెళ్లడం అలవాటు చేసుకుంటే, బస్సు తప్పినా బంద్ వచ్చినా కంగారు ఉండదు.

కనిగిరి, మార్కాపురం వైపు నుంచి పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లే కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకెళ్తాయి. అక్కడ కూడా ఏఆర్‌టీ మందులు ఉచితమే. దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చిన మీ పుస్తకం వెంట ఉంచుకుని, వెళ్లే ముందు ఇక్కడ చెప్పి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే అక్కడి కేంద్రంలో తీసుకోవచ్చు. చెప్పకుండా వెళ్లిపోతే ఇక్కడ మందు మానేసినవాళ్ల జాబితాలో పేరు పడుతుంది, వాళ్లు ఫోన్లు చేస్తారు, ఫోన్ ఎవరు ఎత్తుతారో అని మళ్లీ అదొక భయం.

8. "నాకొద్దు" అన్నప్పుడు

పదిహేను పదహారేళ్లకు వచ్చే మాట ఇది. ఒక్కోసారి దాని వెనక కోపం ఉంటుంది, ఒక్కోసారి ప్రేమ ఉంటుంది, ఒక్కోసారి బతకాలని లేకపోవడం ఉంటుంది. మూడింటికీ ఒకే లెక్చర్ ఇస్తే ఏదీ తగలదు.

"ఒంట్లో బాగానే ఉంది కదా" అనేవాళ్లకు వాళ్ల రిపోర్టే చూపించండి. బాగున్నది మాత్ర వల్లే. స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకుని వచ్చి, విశ్వాసం ఉంటే మందెందుకు అని మాన్పించే పెద్దలు, నాటు మందుతో పూర్తిగా తగ్గుతుందని నమ్మించేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. 2021లో కరోనా పసరు మందు కోసం కృష్ణపట్నంలో జనం ఎలా బారులు తీరారో చూశాం. ప్రార్థన చేసుకోండి, జొన్నవాడ గుడికి వెళ్లి నిద్ర చేసి రండి, మాత్ర మాత్రం వేసుకుని వెళ్లండి. హెచ్‌ఐవీని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే పసరు లేదు.

ప్రేమ సంగతి పెద్దవాళ్లకు మాట్లాడడం ఇబ్బందే, కానీ మందు మానకుండా ఉండటానికి ఇంతకన్నా గట్టి కారణం ఆ వయసులో దొరకదు. మందు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి అంటదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. "నన్నెవరు పెళ్లి చేసుకుంటారు" అని కుంగిపోయే పిల్లకు ఈ విషయం ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పలేకపోతే కౌన్సిలర్‌తో చెప్పించండి, ఆ కాసేపు మీరు బయట కూర్చోండి. పిల్లలు కౌన్సిలర్‌తో ఒంటరిగా మాట్లాడే పది నిమిషాలు ప్రతిసారీ ఉండాలి.

తిండి మానేయడం, గదిలోంచి రాకపోవడం, చచ్చిపోతే పోతుంది అనడం కనిపిస్తే మాత్ర గొడవ పక్కన పెట్టి ముందు మనసు సంగతి చూడండి. 14416 మానసిక ఆరోగ్యానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమున్నా 1097కు ఉచితంగా చేయొచ్చు, పేరు చెప్పాల్సిన పని లేదు.

9. వైరల్ లోడ్ రిపోర్ట్ చదవడం నేర్చుకోండి

మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి ఈ పరీక్ష చేస్తారు. సంఖ్య 1000కి లోపు ఉంటే మందు పని చేస్తున్నట్టు. అంతకన్నా ఎక్కువ వస్తే కౌన్సిలింగ్ పెంచి, మూడు నెలలు మాత్రలు సరిగ్గా వేసుకున్నాక మళ్లీ పరీక్ష చేస్తారు. ఎక్కువ వచ్చిందని ఇంటికొచ్చి కొట్టకండి. ఆ మూడు నెలలు మీరూ పిల్లాడూ కలిసి మొదటి మెట్టుకు వెళ్లి, ఏ పూట తప్పుతోందో మళ్లీ వెతకాలి.

10. పెద్దరికం అప్పగించండి

పదహారు వచ్చేసరికి పిల్లలకు తమ మందు పేరు, ఏఆర్‌టీ నంబర్, వెళ్లాల్సిన తేదీ, చివరి వైరల్ లోడ్ ఎంతో నోటికి రావాలి. కౌంటర్ దగ్గర మాట్లాడేది వాళ్లు, పక్కన నిలబడేది మీరు. పద్దెనిమిది నిండిన రోజున ఒక్కసారిగా వదిలేస్తే తడబడతారు, అందుకే రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. మొదట పెద్దవాళ్లు రోజూ చూస్తుంటే, తర్వాత వారానికోసారి డబ్బీ చూడటం, ఆ తర్వాత నెలకోసారి లెక్క అడగడం.

ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో ఏఆర్‌టీ వాడేవాళ్లకూ చోటుంది, మీ పిల్లకు వర్తిస్తుందేమో కేంద్రంలోనే అడగండి. అమ్మానాన్న లేక, పెంచుతున్న అవ్వకు ఓపిక తగ్గిన ఇళ్లలో ఇంకొకటి తెలిసి ఉండటం మంచిది. 2017 చట్టం ప్రకారం, పన్నెండు దాటి పద్దెనిమిది లోపున్న అన్నగానీ అక్కగానీ ఇంటి వ్యవహారాలు చూసుకోగల పరిపక్వత ఉంటే, తన చిన్న తమ్ముడికో చెల్లికో సంరక్షకులుగా నిలబడవచ్చు. బడిలో చేర్పించడానికి, బ్యాంకు ఖాతా నడపడానికి, వైద్యం చేయించడానికి ఆ సంతకం చెల్లుతుంది. కాగితాల కోసం తిరిగేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా దారి చూపిస్తారు.